కడగని కప్పు

కొండవాలు వీధి, పిల్లల ఇల్లు
మార్చి 2

ఆడపడుచుగారికి,

మూడేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అన్నయ్య నిక్షేపంగా ఉన్నాడు. వడ్రంగం పని చేతినిండా ఉంది, చేసిన పనికి వంకలు పెట్టడానికి నేనున్నాను, ఆయనకేం లోటు.

పని పడింది కాబట్టే రాస్తున్నాను, దాచడమెందుకు. పోయిన వారం ఆరోగ్యశాఖ నుంచి ఒకాయన వచ్చాడు. మా వీధి మొత్తం రాతినేల మీద ఉందట. నేలలోంచి రేడాన్ అనే వాయువు ఇళ్ళలోకి వస్తుందట. రంగూ వాసనా ఉండదట. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదట. పిల్లల్ని చూసుకునే ఇళ్ళవాళ్ళు కొలిపించుకుని కాగితం తెచ్చుకోవాలని చెప్పి వెళ్ళాడు. ఈ ముక్కలన్నీ నేను ఇంతకుముందే ఒకరి నోట విన్నాను కాబట్టి ఆయన చెబుతుంటే ఏమీ కొత్తగా అనిపించలేదు.

నా దగ్గరుండే పిల్లలు ఎంతమందయ్యారో నీకు తెలియదు కదా. ఇప్పుడు పదకొండు మంది. తల్లులు పొద్దున పనికి వెళ్తూ వదిలి సాయంత్రం తీసుకెళ్తారు. ఆడేదీ కింది గదిలోనే, మధ్యాహ్నం రెండు గంటలు చాపల మీద పడుకునేదీ అక్కడే. ఆ గది సగం కొండలోకి దూరినట్టుంటుంది, నీకు గుర్తుండే ఉంటుంది.

ఇంట్లో మనిషి ఇదే పనిలో ఉండగా బయటివాళ్ళను అడగడం బాగుండదని మీ అన్నయ్య అన్నాడు. అన్నది ఆయనే, నేను కాదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే ఆనాటి గొడవ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటానేమోనని భయం. కాగితం మీదైతే రాసింది కొట్టేయొచ్చు.

వీలుంటే జవాబు రాయి.

మీ వదిన


ప్రయోగశాల, రెండో అంతస్తు
మార్చి 9

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా దగ్గర వెంటనే కొలిచే చేతి పరికరం ఒక్కటే ఉంది. దాన్ని భూగర్భ శాఖవాళ్ళు పట్టుకెళ్ళారు, వానాకాలం దాకా రాదు. అందుకని నెలరోజుల పద్ధతి పంపిస్తున్నాను. నిజానికి ఇదే నమ్మకమైనది.

పార్సెల్‌లో నాలుగు కప్పులు, వాటి మూతలు, ఒక గాజుసీసా ఉన్నాయి. ప్రతి కప్పు అడుగునా లోపలివైపు గోరంత ప్లాస్టిక్ ముక్క అంటించి ఉంటుంది. మూతికి పల్చటి గుడ్డ ఉంటుంది. రేడాన్ గుడ్డలోంచి లోపలికి వెళ్తుంది, అక్కడ దాని పరమాణువులు పగులుతాయి, పగిలినప్పుడు వచ్చే రేణువులు ఆ ప్లాస్టిక్‌కు తగిలి కంటికి కనిపించని గాట్లు పెడతాయి. మీరు తిరిగి పంపాక నేను ఆ ముక్కను వేడి క్షారంలో నానబెడితే గాట్లు కాస్త పెద్దవవుతాయి. మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెడతాను. ఎన్ని గాట్లుంటే అంత వాయువు.

కప్పు మీద చీటీ, చీటీ మీద నంబరు ఉంటుంది. ఒకటో నంబరుది కింది గదిలో, పిల్లలు కూర్చుంటే ముక్కుండేంత ఎత్తున, గోడకూ కిటికీకీ దూరంగా వేలాడదీయండి. రెండోది పైగదిలో. మూడోది వంటింట్లో, పొయ్యికి ఎడంగా. నాలుగోది మట్టి కోసం. పెరట్లో మోకాలి లోతున గొయ్యి తీసి, కప్పును బోర్లించి, పైన పలక పెట్టి మట్టి కప్పేయాలి. సరిగ్గా ముప్ఫై రోజులు. మధ్యలో తీసి చూడకూడదు.

సీసా బోరునీళ్ళ కోసం. బకెట్ నిండా నీళ్ళు పట్టి, సీసాను అందులో ముంచి, నీళ్ళలో ఉండగానే మూత బిగించండి. ఒక్క బుడగ కూడా ఉండకూడదు, ఉంటే రేడాన్ అందులోకి దూరి కూర్చుంటుంది. ఆ రోజే పోస్టు చేయండి. నీళ్ళలోని రేడాన్ నాలుగు రోజులకు సగమవుతుంది, ఇంకో నాలుగు రోజులకు అందులో సగం. ఆలస్యమైతే నాకు మిగిలేది ఉత్త నీళ్ళే.

అన్నయ్యను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ ఆడపడుచు


కొండవాలు వీధి
మార్చి 16

కొలతలమ్మకు,

చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు పెట్టిన ఆ పేరు ఊరికే పెట్టలేదు. నీ ఉత్తరంలో మాటల కంటే కొలతలే ఎక్కువున్నాయి. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా జడ పొడవు స్కేలు పెట్టి కొలిచిన పిల్లవి, ఇప్పుడు నన్ను మీరు అంటున్నావు. చదువుతుంటే ఎవరో బ్యాంకు నుంచి రాసినట్టుంది.

అన్నీ పెట్టేశాం. మోకాలి లోతు అంటే ఎవరి మోకాలని మీ అన్నయ్య పెద్ద సందేహం లేవదీశాడు. తన మోకాలే లెక్క అనుకుని తవ్వడం మొదలుపెట్టి, రాయి తగిలితే పంతం పట్టి, గొయ్యి తవ్వమంటే బావి తవ్వేలా ఉంటే నేనే వెళ్ళి ఆపాను. కింది గదిలో కప్పు వేలాడదీయగానే పిల్లలంతా దాని కింద చేరారు. అది గూడనుకుని, పిట్ట ఎప్పుడు వస్తుందని అడుగుతున్నారు. రాదురా అంటే వినరు. ఒకడు రోజూ దానికి బిస్కెట్ ముక్క చూపిస్తున్నాడు.

సీసా మూడుసార్లు నింపాను. మొదటిసారి ఆవగింజంత బుడగ. రెండోసారీ అంతే. మూడోసారి మోచేతుల దాకా బకెట్లో ముంచి, ఊపిరి బిగబట్టి మూత పెట్టాను. నేను ఊపిరి బిగబడితే సీసాలో బుడగ రాదా అని మీ అన్నయ్య వెటకారం. ఈ ఉత్తరంతోపాటే పంపిస్తున్నాను.

ఈ కప్పులు చూస్తే ఎక్కడో చూసినట్టే ఉంది. పోనీలే.

ఒక్క మాట నిజం చెప్పు. గదిలో ఆ గాలి ఎక్కువుంటే పిల్లలకు ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నాను.

వదిన


ప్రయోగశాల
మార్చి 20

వదినా,

సరే, మీరు తీసేశాను. బ్యాంకువాళ్ళ మీద అంత కోపమెందుకు నీకు.

సీసా మూడో రోజే చేరింది, బుడగ లేదు. నీళ్ళలోకి గాలి ఊది, వెళ్ళగొట్టిన రేడాన్‌ను ఒక గాజు గిన్నెలోకి పంపిస్తాం. దాని లోపలి పూతకు రేణువు తగిలిన ప్రతిసారీ చిన్న మెరుపు వస్తుంది, యంత్రం ఆ మెరుపులు లెక్కపెడుతుంది. దారిలో తగ్గిన లెక్క కలిపినా నీ బోరునీళ్ళు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒక భయం తీరింది.

పిల్లల గురించి ఊరికే అడగలేదని నాకు తెలుసు. ఒక రోజులో, ఒక నెలలో ఏమీ కాదు. ఇది ఏళ్ళ తరబడి పోగయ్యే వ్యవహారం. ఎంత ఎక్కువ గాలి, ఎన్నేళ్ళు పీల్చారు, ఈ రెండూ చూడాలి. మా బెక్వెరెల్ కొలతలో గదిలో వంద లోపు వస్తే హాయిగా ఉండొచ్చు. మూడొందలు దాటితే ఏదో ఒకటి చెయ్యాలి. మట్టిలో మాత్రం వేలల్లో ఉంటుంది, అది మామూలే, దానికి బెంగపడకు.

ఆ రోజు నేను మాట్లాడిన తీరు తప్పు. చెప్పిన విషయం తప్పు కాదు, చెప్పిన చోటు తప్పు. కొత్తింట్లో చుట్టాలంతా చేతుల్లో పళ్ళేలు పట్టుకుని ఉండగా, ఈ గదిలో పిల్లల్ని పడుకోబెట్టేముందు కొలిపించండి అన్నాను. నీ ముఖం ఎలా మారిపోయిందో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఏప్రిల్ 15న తీసి, మూతలు పెట్టి, ఉన్నవి ఉన్నట్టు పంపించు.

నీ కొలతలమ్మ


కొండవాలు వీధి
ఏప్రిల్ 15

కొలతలమ్మా,

ముప్ఫై రోజులు తూచా తప్పకుండా అయ్యాయి. పెట్టె తెరవగానే నువ్వే మెచ్చుకుంటావు, కప్పులు చూస్తే ముద్దొచ్చేలా ఉన్నాయి. మీ ప్రయోగశాలలో ఎవరూ మా ఇంటిని వేలెత్తి చూపకూడదు కదా.

ఆ రోజు నేను మాత్రం తక్కువ తిన్నానా. నీకు కొలవడం తప్ప మనుషులు కనపడరన్నాను. నా ఇంట్లో నీ కొలతలు వద్దన్నాను. నువ్వు చెప్పులేసుకుని వెళ్ళిపోతుంటే మీ అన్నయ్య వెనక వచ్చాడు, నేను రాలేదు. ఇల్లు కొన్న సంబరంలో ఉన్నదాని గాలి తీసేశావని కోపం. ఇల్లు ఎక్కడ చేజారిపోతుందోనన్న భయం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఫలితం రాగానే రాయి. పిల్లలు పిట్ట ఎటు పోయిందని ఏడుస్తున్నారు.

వదిన


ప్రయోగశాల
ఏప్రిల్ 23

వదినా,

ఈ ఉత్తరం చేరగానే పిల్లల్ని పైగదిలోకి మార్చు. కింది గది కిటికీలు, తలుపులు తెరిచే ఉంచు. అక్కడ ఎవరూ పడుకోవద్దు. మిగతా సంగతులు తేల్చుకుని రాస్తాను.

కంగారుపడకు.

నేను


కొండవాలు వీధి
ఏప్రిల్ 26

అమ్మాయీ,

నాలుగు ముక్కలు రాసి కంగారుపడకంటావా? చాపలన్నీ అప్పటికప్పుడే పైకి మోశాను. ఎందుకు పైకి వెళ్తున్నామని పిల్లలు అడిగితే, కింద రంగులు వేస్తారని అబద్ధం చెప్పాను.

నంబరు ఎంతో చెప్పు. నువ్వు నంబరు దాచే మనిషివి కాదు. చుట్టాల ముందు దాచనిదానివి నా దగ్గర దాస్తున్నావంటే అది ఎంతటి నంబరై ఉండాలి? నువ్వు చెప్పినట్టే అంతా చేశాను, అణువంత తేడా లేదు. నా దగ్గర ఇక దాచకు.

వదిన


ప్రయోగశాల
ఏప్రిల్ 29

వదినా,

నువ్వన్నది నిజం. నంబరు దాచకూడదు. ఒకటో కప్పు, అంటే కింది గదిది, పద్నాలుగు వేల ఆరొందలు చూపించింది. వంద లోపు ఉండాలన్నది గుర్తుందిగా. పైగది ముప్ఫై ఒకటి, వంటిల్లు ముప్ఫై ఎనిమిది. నాలుగోది, మా అన్నాచెల్లెళ్ళ మొండితనంతో అన్నయ్య రాయి దాకా తవ్వి పెట్టినది, అరవై నాలుగు.

నాలుగుసార్లు లెక్కపెట్టాను. మట్టిలో అరవై నాలుగు ఉండటం నా పన్నెండేళ్ళ పనిలో చూడలేదు. గదిలో పద్నాలుగు వేలూ చూడలేదు. ఒకటీ నాలుగూ తారుమారైతే మాత్రం చక్కగా సరిపోతాయి. ఆ మాట నా మనసులోకి రాగానే ఎగిరి గంతేశాను. వెంటనే భయం వేసింది. నాకు ఆ జవాబే కావాలి కాబట్టి, దాన్ని నేనే నమ్మకూడదు. మా పెద్దసారు కూడా అదే అన్నారు. "కొలిచింది రాయి, కోరుకున్నది రాయకు" అన్నారు.

నువ్వు తేడా లేదంటున్నావు. నీ మాట నమ్మితే ఆ గదిని మూసేయాలి. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. తీసిన రోజున కప్పులు ఎక్కడ పెట్టావు? ఎవరు ముట్టుకున్నారు? తప్పుంటే నేనేమీ అనను. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ కొలతలమ్మ


కొండవాలు వీధి
మే 3

అమ్మాయీ,

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రం తల్లులు వచ్చేదాకా ఆగి, అందర్నీ గుమ్మం దగ్గరే నిలబెట్టి, నంబరు నేనే చెప్పాను. నువ్వు రాసిన రెండో మాట, తారుమారై ఉండొచ్చన్నది, చెప్పలేదు. తప్పించుకుంటున్నట్టు ఉంటుందని నోరు రాలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మర్నాడు పదకొండు మందిలో ముగ్గురే వచ్చారు.

ఆ ముగ్గురిలో ఒకడు ఆసుపత్రి నర్సుగారి అబ్బాయి, బిస్కెట్ చూపించినవాడే. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పటినుంచీ నా దగ్గరే ఉన్నాడు. ఆవిడ వాణ్ణి పైకి ఎక్కించి, కిందికొచ్చి, నెమ్మదిగా అడిగింది. "ఇక్కడినుంచీ సరే. మూడేళ్ళు వాడు కిందే పడుకున్నాడు కదమ్మా, ఆ మూడేళ్ళ మాటేమిటి?" ఆవిడ కోపంగా అడగలేదు. నువ్వు ముందే చెప్పావు, నేను విననందుకు శిక్ష నాకు పడితే పడనీ. పరాయి పిల్లలు, తల్లులు నన్ను నమ్మి వదిలిన పిల్లలు. రెండు రోజులుగా అన్నం గొంతు దిగడం లేదు.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కదా, రాస్తున్నాను, నవ్వకు.

నేను కప్పులు కడిగాను.

గోతిలోంచి తీసిన కప్పు నిండా బురద. వంటింటిది జిడ్డు పట్టింది. ప్రయోగశాలకు, అందులోనూ నీ చేతికి, ఆ మురికి ఎలా పంపను? మూడేళ్ళ తర్వాత మొదటిసారి మా ఇంటినుంచి నీ దగ్గరికి వెళ్తున్న వస్తువులు. మూతలు గట్టిగా బిగించి నాలుగింటినీ ఒకే తొట్టిలో సబ్బునీళ్ళలో వేశాను. చీటీలు ఊడి తేలాయి. వాటిని కిటికీ అద్దానికి అంటించి ఆరబెట్టి, మళ్ళీ జాగ్రత్తగా అతికించాను. ఏది దేనిదో నాకు తెలుసనే అనుకున్నాను. కడిగాక నాలుగూ ఒకేలా తళతళలాడుతున్నాయి మరి.

ఇది తేడా కింద వస్తుందని నిజంగా తోచలేదు. శుభ్రం చెయ్యడం కూడా తప్పేనా అనుకున్నాను. నిన్న రాత్రి నీ ఉత్తరం మీ అన్నయ్య బయటికి చదువుతుంటే, తారుమారు అన్న చోట ఆగి, కళ్ళద్దాల మీదుగా నావైపు చూశాడు. లేచి వెళ్ళి ఆ తొట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. అప్పుడు వెలిగింది.

ఇప్పుడు చెప్పు, ఆ గది మంచిదా చెడ్డదా?

వదిన


ప్రయోగశాల
మే 7

వదినా,

నవ్వకు అన్నావు గానీ, నవ్వాను. ఎంతలా నవ్వానంటే పక్కగదిలోంచి పెద్దసారు వచ్చి చూశారు. ఆయనకు ఉత్తరం ఇస్తే చదివి, ముప్ఫై ఏళ్ళలో కప్పులు పగలగొట్టినవాళ్ళు, పోగొట్టినవాళ్ళు, పిల్లికి పాలు పోసి పెట్టినవాళ్ళు తగిలారు గానీ, సబ్బుతో కడిగి పంపినవాళ్ళు ఎవరూ లేరన్నారు. తర్వాత నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను. అది కూడా ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

తప్పు సగం నాది. నంబరు కాగితం చీటీ మీద ఉండకూడదు, లోపలి ప్లాస్టిక్ ముక్క మీదే సూదితో గీయాలి. సోమరితనంతో ఎన్నేళ్ళుగానో చీటీలతో నెట్టుకొస్తున్నాం. ఇవాళ్టినుంచి మా ప్రయోగశాల పద్ధతి మారింది. నీ పేరు పెట్టుకోవచ్చు దానికి.

సబ్బునీళ్ళ వల్ల గాట్లు పోవు. కాబట్టి కింది గదిది అరవై నాలుగు అయ్యుండటానికే ఎక్కువ వీలుంది. కానీ అయ్యుండటం అని కాగితం మీద రాయలేను. కొత్తవి నాలుగు పంపిస్తున్నాను, నంబర్లు గీసినవి. ముప్ఫై రోజులు కిటికీలు ఎప్పటిలాగే తెరిచి మూస్తూ ఉండు, ఎక్కువా తక్కువా చెయ్యకు. దయచేసి కడగకు.

నర్సుగారి ప్రశ్నకు మాత్రం ఇవి జవాబు చెప్పలేవు. కొత్త కప్పు చెప్పేది ఈ ఒక్క నెల సంగతే. గది గాలి కాలాన్ని బట్టి మారుతుంది. గడిచిన మూడేళ్ళను ఇప్పుడు వెనక్కి వెళ్ళి కొలవడానికి నా దగ్గర యంత్రం లేదు. దానికి ఒక దారి ఉండేది, అది పోయి చాలాకాలమైంది, ఆ తప్పూ నాదే, ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు. ఆవిడతో తెలియదనే చెప్పు. తెలియనిది తెలియదని చెప్పడంలో తప్పు లేదు.

అన్నం తిను.

నీ కొలతలమ్మ


కొండవాలు వీధి
మే 11

కొలతలమ్మా,

నువ్వు తవ్వుకోవద్దన్నది నేను తవ్వుతున్నాను.

ఇల్లు మారిన మూడో రోజు కింది గది అలమర పైన దుమ్ము దులపడానికి స్టూలెక్కాను. వెనకవైపు గోడమూలగా ఒక కప్పు కనిపించింది. మూతికి గుడ్డ. చీటీ మీద ఇల్లు మారిన రోజు తారీఖు. కింద నీ చేతిరాతతో, దయచేసి కదపవద్దు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వద్దంటే వినకుండా, చెప్పకుండా, నా ఇంట్లో వదిలి వెళ్ళిందా అని. తీసి చెత్తలో వెయ్యబోయాను. నీ అక్షరాలు చూస్తే చెయ్యి రాలేదు. అప్పుడు నాలో నేనే పంతం పట్టాను. దీన్ని పారెయ్యను, ముట్టుకోను. పెట్టినావిడే వచ్చి నోరు తెరిచి అడిగేదాకా అక్కడే పడుంటుంది. ఈ ఇంట్లో తలుపు గొళ్ళెం వెనక కూడా తుడుస్తాను, నీకు తెలుసు. మూడేళ్ళుగా నేను గుడ్డ పెట్టని చోటు ఆ అలమర పైభాగం ఒక్కటే. అటు చూసినప్పుడల్లా నీ మీద కోపం వచ్చేది. ఈమధ్య కోపం రావడం మానేసింది, నువ్వు గుర్తొచ్చేదానివి. అయినా చెప్పలేదు.

మార్చిలో నీ కప్పులు చూడగానే ఇదీ అదీ ఒకటేనని తెలిసింది. అయినా నోరు విప్పలేదు. నువ్వు పోయిందన్న దారి ఇదేనా?

మీ అన్నయ్య చేత దింపించాను, నా చేతులతో నమ్మకం లేక. మూత లేకపోతే మీ అన్నయ్యే చెక్కతో చేసి బిగించాడు. మీద వేలు మందం దుమ్ము. ఒక్క రేణువు కూడా తుడవలేదు. దుమ్ముతో సహా కాగితంలో చుట్టి పంపిస్తున్నాను. ఇలాంటి మురికి వస్తువు నా ఇంటినుంచి బయటికి వెళ్ళడం ఇదే మొదలు, ఇదే ఆఖరు.

కొత్తవి నాలుగూ పెట్టేశాం. మట్టిది పాత గోతిలోనే.

వదిన


ప్రయోగశాల
మే 24

వదినా,

ముందు నంబరు. యాభై తొమ్మిది.

మళ్ళీ రాస్తున్నాను, మూడేళ్ళ రెండు నెలల సగటు, కింది గదిలో, యాభై తొమ్మిది. ఇంతకాలానికి కొన్ని గాట్లు చెరిగిపోతాయి, ఆ లెక్క కూడా కలిపే చెబుతున్నాను. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేక పెద్దసారు చేత విడిగా లెక్కపెట్టించాను, ఎవరింటిదో చెప్పకుండా. ఆయనకు అరవై ఒకటి వచ్చింది.

వేసవులూ చలికాలాలూ వానాకాలాలూ అన్నీ అందులో ఉన్నాయి. నర్సుగారి అబ్బాయి ఆ గదిలో పీల్చిన ప్రతి మధ్యాహ్నం అందులో ఉంది. వాడికి ఏమీ కాలేదు వదినా. ఒక్క పిల్లకీ ఏమీ కాలేదు. మామూలు ఇళ్ళలో ఉండేంతే ఉంది అక్కడ. ఈ కాగితం ఆవిడకు చూపించు, కింద పెద్దసారు సంతకం కూడా పెట్టారు.

ఆ రోజు నువ్వు వద్దన్నాక నేను కప్పు జేబులో పెట్టుకుని వెళ్ళిపోవాల్సింది. చెప్పులేసుకునే ముందు కిందికి దిగి అలమర మీద పెట్టాను. ఆర్నెల్ల తర్వాత అడుగుదామనుకున్నాను. అడిగితే మళ్ళీ గొడవేమోనని అడగలేదు. ఏడాది దాటాక, నీలాంటి మనిషి ఇంట్లో అది ఎప్పుడో చెత్తలోకి పోయుంటుందని వదిలేసుకున్నాను. నీ పంతాన్ని తక్కువ అంచనా వేశాను.

ఇంకొకటి. కొండలోకి దూరిన గదిలో ఇంత తక్కువ ఎలా అని ఆలోచించి, అన్నయ్యకు ఫోన్ చేశాను. నీకు చెయ్యలేదు, నీకు ఉత్తరమే బాగుంది. దుమ్ము చేరుతుందని ఆ గది నేలలో వెంట్రుకవాసి పగులు కనిపించినా సిమెంటు పెట్టిస్తావట. రోజూ ఆరింటికే కిటికీలన్నీ బార్లా తెరిచి, రెండుసార్లు తడిగుడ్డ పెట్టి, నేల ఆరేదాకా మూయనివ్వవట. రేడాన్ వచ్చే ఇళ్ళవాళ్ళకు మేం చెప్పేది అదే, పగుళ్ళు మూయండి, గాలి ఆడనివ్వండి అని. ఏ యంత్రం లేకుండానే నువ్వు ఆ పని చేస్తూ వచ్చావు. నీ శుభ్రం పిచ్చి నా లెక్క చెడగొట్టింది గానీ పిల్లల్ని కాపాడింది కూడా అదే.

కొత్త కప్పుల ఫలితం వచ్చేదాకా పైగదిలోనే ఉండండి. అధికారికంగా కాగితం వాటికే ఇవ్వాలి.

నీ కొలతలమ్మ


కొండవాలు వీధి
జూన్ 27

కొలతలమ్మా,

కాగితం వచ్చింది. కింది గది అరవై రెండు, గొయ్యి పదిహేను వేలు. మట్టిని మట్టిలో, గదిని గదిలో పెట్టావు, సంతోషం. ఆరోగ్యశాఖాయన వచ్చి చూసుకుని వెళ్ళాడు.

నీ మే నెల ఉత్తరం నర్సుగారికి అప్పుడే ఇచ్చాను. గుమ్మంలో నిలబడి రెండుసార్లు చదివింది. మడతపెట్టి నా చేతికిచ్చి, అక్కడే మెట్టు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ పూట అన్నం తిన్నాను, మీ అన్నయ్య కంటే ఎక్కువే తిన్నాను.

ఇవాళ పది మంది వచ్చారు. పదకొండో పిల్ల వాళ్ళ అమ్మ వేరే ఊరికి బదిలీ అయింది, దానికీ మనకూ సంబంధం లేదు. మధ్యాహ్నం చాపలు కిందికి దింపాం. పిల్లలు పడుకోగానే నేనూ గోడకు ఆనుకుని కూర్చుని, ఆ గది గాలి గుండెలనిండా పీల్చుకున్నాను. ఇల్లు కొన్నాక ఆ గదిలో నేను నిశ్చింతగా కూర్చోవడం ఇదే మొదలు. నీ మాట ఆ రోజే నా చెవిలో ఇల్లు కట్టుకుంది, పైకి ఒప్పుకోలేదు గానీ.

పిట్ట ఎక్కడని వాళ్ళు ఇంకా అడుగుతున్నారు. పని చూసుకుని ఎగిరిపోయిందని చెప్పాను. దాన్ని పంపినావిడ వస్తుందని కూడా చెప్పాను.

అలమర పైన దుమ్ములో ఆ కప్పు ఉన్నచోట గుండ్రంగా మచ్చ అలాగే ఉంది. నెలన్నరగా స్టూలెక్కడం, చూడటం, దిగడం. నా చేతులు ఎంత దురద పెడుతున్నాయో నీకు తెలియదు. అయినా తుడవను. కప్పు పెట్టినదానివి నువ్వు. గుడ్డ తడిపి పెట్టాను, ఆదివారం వచ్చి నువ్వే తుడువు.

వదిన